వాటాదారులు, వాటాలు

ఉత్తర వర్జీనియాలో కాపురం ఉండే తెలుగువాళ్లకి మాంటిచెల్లో బాగా అలవాటైన చోటు. ఇండియా నుంచి అమ్మా నాన్నా వస్తే ఒకరోజు వైట్‌హౌస్, ఒకరోజు లూరే గుహలు, ఒకరోజు జెఫర్సన్ ఇల్లు. మా ఇంటి నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. గుమ్మటం చూసి, హాల్లో పెద్ద గడియారం చూసి, తెచ్చుకున్న పులిహోర తిని వచ్చేసేవాళ్లం. ఆ ఇంటి వెనక ఒక ఆస్తి పంపకం కథ ఉందని అనెట్ గోర్డన్-రీడ్ రాసిన ‘ది హెమింగ్సెస్ ఆఫ్ మాంటిచెల్లో’ చదివేదాకా నాకు తెలియదు.

ఈ పుస్తకం 2008లో వచ్చింది. ఆ ఏడాది నేషనల్ బుక్ అవార్డు, మరుసటి ఏడాది చరిత్ర విభాగంలో పులిట్జర్ బహుమతి అందుకుంది. ఏడువందల పేజీలు దాటిన గ్రంథం. చాలామంది దీన్ని జెఫర్సన్, శాలీ హెమింగ్స్‌ల కథగా చదివారు. నా మటుకు నాకు ఇది పంపకాల పుస్తకం. రచయిత్రి న్యాయశాస్త్రం చదివిన మనిషి కావడం వల్ల కాబోలు, ఆస్తి చేతులు మారిన ప్రతిచోటా ఆగి, ఎవరికి ఏం దక్కిందో, ఎవరు ఎవరికి దక్కారో చూస్తుంది.

కథ జాన్ వేల్స్ అనే వర్జీనియా భూస్వామి దగ్గర మొదలవుతుంది. లాయరు, బానిసల వ్యాపారంలోనూ చెయ్యి ఉన్నవాడు. 1773 మే నెలలో పోయాడు. చట్టం ఒప్పుకునే కొడుకులు లేరు, కూతుళ్లున్నారు. పెద్దమ్మాయి మార్తా, జెఫర్సన్ భార్య. 1774 జనవరిలో ముగ్గురు అల్లుళ్లు, అంటే జెఫర్సన్, ఫ్రాన్సిస్ ఎప్స్, హెన్రీ స్కిప్‌విత్, ఆస్తి పంచుకున్నారు. కూతుళ్ల ఆస్తే అయినా కాగితం మీద అల్లుళ్లదే. పెళ్లయిన స్త్రీకి వచ్చినది భర్త అజమాయిషీలోకి వెళ్లడం ఆనాటి ఇంగ్లీషు న్యాయం. జెఫర్సన్ వంతుకి దాదాపు పదకొండు వేల ఎకరాలు, 135 మంది బానిసలు వచ్చారు. వాళ్లతోపాటు బ్రిస్టల్ వ్యాపారులకి మామగారు పడ్డ బాకీలో నాలుగు వేల పౌండ్లకు దగ్గరగా భారం కూడా.

ఈ సంగతి మా నాన్నకి ఫోన్లో చెప్తే ఆయన ఒకటే మాటన్నారు. “అప్పు తీర్చకుండా భాగాలేమిట్రా? ముందు బాకీ, తర్వాత పంపకం.”

తెనాలి తాలూకాలో ఏ పెద్దమనిషినడిగినా చెప్పే మాట అది. ఆ ముగ్గురు అల్లుళ్లు చేసిన పొరపాటు సరిగ్గా అదే. ఆస్తిని కలిపి ఉంచితే అప్పులవాడు ఆ ఆస్తినే పట్టుకునేవాడు. పంచుకునేసరికి బాకీ ముగ్గురికీ సొంత బాకీ అయింది. జెఫర్సన్ భూమి అమ్మాడు. కొన్నవాళ్లు యుద్ధకాలంలో విలువ పడిపోయిన కాగితపు డబ్బు చేతిలో పెట్టారు. 1783 ఒప్పందం ప్రకారం బ్రిటిష్ వాళ్ల బాకీలు బాకీలుగానే నిలిచాయి. ఆ భారం ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

ఆ 1774 జనవరి నాటి జాబితా ఇప్పటికీ ఉంది. జెఫర్సన్ స్వయంగా రాసుకున్న పద్దుల పుస్తకం ‘ఫార్మ్ బుక్’ ఈ పట్టికలతోనే మొదలవుతుంది. తన సొంత బానిసలొక పట్టిక, భార్య తరఫున వచ్చినవాళ్లు ఇంకొక పట్టిక, మొత్తం 187 మంది. పొలంలో పనిచేసేవాళ్లకి ఒక గుర్తు, ఇతర పనులవాళ్లకి ఒక గుర్తు, వయసుడిగి పని మానినవాళ్లకి ఒక గుర్తు. పాతికేళ్లుగా డేటాబేసులతో బతుకుతున్నవాణ్ణి, నేను మొదట మెచ్చుకున్నది ఆ శుభ్రతనే. ఇంత చక్కటి పట్టిక నేను నా క్లయింట్ల దగ్గర కూడా చూడలేదు.

ఆ పట్టికలో ఎలిజబెత్ హెమింగ్స్ ఉంది, ఆమె పిల్లలున్నారు. వాళ్లలో రాబర్ట్, జేమ్స్, థీనియా, క్రిటా, పీటర్, శాలీ అనే ఆరుగురు జాన్ వేల్స్‌కి పుట్టినవాళ్లు. ఈ సంగతి శాలీ కొడుకు మ్యాడిసన్ హెమింగ్స్ 1873లో ఒహాయోలోని ఒక పత్రికకి చెప్పాడు. అంటే వేల్స్‌కి కొడుకులు లేకపోవడం కాదు, ముగ్గురున్నారు. ఒకే తండ్రి పిల్లల్లో కొందరు వాటాదారులు, కొందరు వాటాలు. మార్తా తన తండ్రి ఆస్తిలో భాగంగా తన చెల్లెళ్లనీ తమ్ముళ్లనీ తెచ్చుకుంది. పట్టికలో వేల్స్ పేరు యజమానిగా ఉంది, తండ్రిగా లేదు. బిడ్డ తల్లి స్థితినే పొందుతుందని 1662లో వర్జీనియా చేసిన చట్టం ఆ గడిని ముందే తీసేసింది. ఆ చట్టం పంపకాలని ఎలా సులువు చేసిందో విప్పి చూపించడం ఈ పుస్తకంలో అన్నిటికన్నా గొప్ప పని.

ఇదే జెఫర్సన్ వారసత్వ చట్టాలని సంస్కరించినవాడు కూడా. ఆస్తి తరతరాలుగా ఒకే శాఖలో కట్టుబడి ఉండే పద్ధతిని 1776లో రద్దు చేయించాడు. వీలునామా లేకపోతే అంతా పెద్దకొడుక్కే పోయే పద్ధతి 1785 చట్టంతో పోయింది. కనీసం జ్యేష్ఠభాగంగా పెద్దవాడికి రెండు వాటాలైనా ఉంచమని ఒక సహచరుడు అడిగితే, పెద్దవాడు రెండింతలు తిని రెండింతలు పనిచేస్తే అలాగే ఇద్దామన్నాడట. కూతుళ్లకీ కొడుకులకీ సమానం అన్న సూత్రం రాయగలిగిన మనిషి, ఆ సమానాన్ని లెక్కకట్టేటప్పుడు మనుషుల్నే అంకెలుగా వేశాడు. ఆయన్ని కపటి అని ఒక్క మాటతో కొట్టేయకుండా, ఆ రెండూ ఒకే బుర్రలో ఎలా ఇమిడాయో గోర్డన్-రీడ్ ఓపిగ్గా చూస్తుంది.

పుస్తకంతో నాకు పేచీ లేకపోలేదు. పారిస్ అధ్యాయాల్లో జేమ్స్, శాలీ ఏమనుకుని ఉంటారో ఊహిస్తూ పేజీలకు పేజీలు నడుస్తాయి. ‘అయి ఉండవచ్చు’, ‘అనుకొని ఉండాలి’ అన్న ధోరణి విసుగు పుట్టిస్తుంది. వివరం లేని గడిని ఖాళీగా వదలాలి గానీ మనం నింపకూడదన్నది నా వృత్తి నేర్పిన పాఠం. ఆ పేజీల్లో మూడోవంతు తగ్గించినా పుస్తకం బలం తగ్గదని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఊహే వద్దనలేను. ఎవరూ నింపక ఖాళీగా మిగిలిన గడి వేరు, నింపకూడదనే పెట్టిన ఖాళీ వేరు. రెండోదాన్ని గౌరవించడమంటే పట్టిక రాసినవాడి పక్షాన నిలబడటమే.

ఊహ అక్కర్లేని చోట్ల ఈ చరిత్ర నేరుగా తగులుతుంది. 1826 జులై 4న జెఫర్సన్ పోయేనాటికి అప్పు లక్షా ఏడు వేల డాలర్లు దాటింది. వీలునామాలో ఐదుగురికి స్వేచ్ఛ ఇచ్చాడు, వాళ్లలో కమ్మరి జో ఫాసెట్ ఒకడు. అతనికి విడుదల తేదీ 1827 జులై. ఆ జనవరిలోనే మాంటిచెల్లోలో 130 మందిని వేలానికి పెట్టారు. ఫాసెట్ భార్య ఈడిత్, పిల్లలు ఆ వేలంలో పోయారు. మామగారి బాకీతో మొదలైన పంపకం అక్కడ తేలింది.

తాతగారి పొలం 2012లో మా ఇంట్లోనూ పంచుకున్నాం. బానిసల వేలంతో దాన్ని పోల్చడం లేదు, పోలిక లేదు కూడా. కానీ 2005 చట్టం అక్కకీ సమానవాటా ఉందన్నా, ‘పెళ్లినాడు పసుపుకుంకుమల కింద ఇచ్చాం కదా’ అని ఆమె చేత హక్కు విడుదల దస్తావేజు రాయించుకున్నాం. పూర్తి ఇష్టంతో అని అందులో ఉంది. నేను ఇక్కడి నుంచి పవరాఫ్ అటార్నీ పంపి నా వాటా తీసుకున్నాను. అక్క ఏమనుకుందో అడగలేదు. పుస్తకం పూర్తి చేశాక ఫోన్ చేసి అడిగాను.

“ఇన్నేళ్లకి ఎందుకు గుర్తొచ్చిందిరా?” అంది.

పుస్తకం చదివానని చెప్పాను. ఏం పుస్తకమని అడగలేదు. పిల్లలెలా ఉన్నారని అడిగింది.