వైండింగ్ షాపులో పుట్టే గిటారు యాంపు

ధర్మవరంలో బెంగళూరు రైలెక్కితే పెనుకొండ, హిందూపురం దాటి పోతుంది. ఇంట్లోనే గిటారుకు వాల్వు యాంప్లిఫయర్ కట్టుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లకు తెలుగు నేల మీద ఇంతకన్నా అనువైన రైలుదారి లేదని నా గట్టి నమ్మకం. దారి చివరి బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. గిటారు లోకమంతా ఇప్పటికీ తలచుకునే ఈసీసీ83, ఈఎల్84 వాల్వులు అక్కడ తయారయ్యాయి. మరుసటి ఏడాదే, 1962లో, అదే కంపెనీ జెర్మేనియం ట్రాన్సిస్టర్ల తయారీకీ దిగింది. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు మన ఊళ్ల రేడియోలు, పెళ్లిళ్ల మైకు సెట్లు వాల్వుల మీదే మోగాయి. విడిభాగాలకు బెంగళూరు ఎస్పీ రోడ్డు ఉండనే ఉంది. ఇక యాంపుకు ప్రాణమైన ట్రాన్స్‌ఫార్మర్ కోసం బెంగళూరు దాకా పోనక్కర్లేదు. బోరుబావుల సీమ ఇది. మోటారు కాలితే రాగి తీగ మళ్లీ చుట్టి ఇచ్చే వైండింగ్ షాపులు ఇక్కడ వెతుక్కోకుండానే కనిపిస్తాయి.

పాతకాలపు గిటారు యాంపు పుట్టిందే రేడియో రిపేరు బల్ల మీద. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ రేడియోలు బాగుచేస్తూ యాంపుల తయారీలోకి వచ్చాడు. 1950ల నాటి ఆయన ‘చాంప్’ మోడల్లో ఉన్నవి మూడే వాల్వులు. లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణం వాళ్లు 1962లో ఫెండర్ ‘బాస్‌మన్’ సర్క్యూట్‌ను దగ్గర పెట్టుకుని తమ మొదటి యాంపు కట్టారు. వాళ్ల చేతిలో ఉన్న విద్య మన రేడియో మెకానిక్కుల చేతిలోనూ ఉండేది. పాత వాల్వు రేడియోలో స్టేషన్లు పట్టే భాగాన్ని పక్కన పెడితే, మిగిలే శబ్దపు భాగం దాదాపు ఒక చిన్న గిటారు యాంపే.

మొదటిసారి కట్టేవాళ్లకు ఒక ఈసీసీ83, ఒక ఈఎల్84 చాలు. గిటారు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను ఈసీసీ83 రెండు మెట్లలో పెంచుతుంది. దాన్ని అందుకుని స్పీకరును కదిలించేది ఈఎల్84. దీని ప్లేటుకు 250 వోల్టులు, క్యాథోడ్‌కు 135 ఓముల రెసిస్టరు ఇస్తే దాదాపు 48 మిల్లీఆంపియర్లు పారుతుంది, అయిదు వాట్ల పైచిలుకు శబ్దం వస్తుంది. అయిదు వాట్లేనా అని తీసిపారేయకండి. మంచి స్పీకరు తగిలిస్తే ఇంటికే కాదు, పక్కింటికీ వినిపిస్తుంది.

అసలు పనితనమంతా ట్రాన్స్‌ఫార్మర్లో ఉంది. యాంపుకు ఇవి రెండు కావాలి: కరెంటు వైపు ఒకటి, స్పీకరు వైపు ఒకటి. కరెంటు వైపు దానికి లెక్క తేలిక. ఇనుప రేకుల దొంతర నడిమి కాలు 3 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల మందం ఉందనుకోండి. వైశాల్యం 9 చదరపు సెంటీమీటర్లు. మన 50 సైకిళ్ల కరెంటుకు వాడే 45 అన్న అంకెను 9తో భాగిస్తే వోల్టుకు 5 చుట్లు. అంటే 230 వోల్టుల వైపు 1150 చుట్లు. వాల్వుల హీటరుకు కావలసిన 6.3 వోల్టులకు ముప్పై ఒకటిన్నర వస్తుంది. తీగలో పోయే నష్టం కలిపి 33 చుట్టాలి. అమెరికా సర్క్యూట్ పటంలోని చుట్ల లెక్కను యథాతథంగా దించుకోకూడదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 సైకిళ్లు. అవే రేకుల మీద మనకు వోల్టుకు అయిదో వంతు ఎక్కువ చుట్లు పడతాయి. తగ్గిస్తే ఇనుము వేడెక్కి వార్నిష్ వాసన వస్తుంది.

స్పీకరు వైపు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే మోటార్లు చుట్టే అన్నకు నోరు తెరిచి చెప్పాల్సిన మాట ఒకటుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్లో రేకులను ఒకటి ఇటునుంచి, ఒకటి అటునుంచి అల్లుకుంటూ పోతారు. చేయి అలవాటుగా అదే చేస్తుంది. ఒకే పవర్ వాల్వున్న యాంపులో ఆ తీగ గుండా డీసీ కరెంటు ఆగకుండా పారుతుంది కాబట్టి, అలా అల్లితే ఇనుము అయస్కాంతంతో నిండిపోయి బరువైన స్వరాలు నలిగిపోతాయి. ఇంగ్లిషు ‘ఈ’ ఆకారపు రేకులన్నీ ఒకవైపు, ‘ఐ’ రేకులన్నీ ఎదురువైపు పెట్టి, నడుమ పలచని కాగితం ఉంచి బిగించాలి. కంటికి ఆనని ఆ సందులోనే యాంపు గొంతు ఉంది. చుట్ల నిష్పత్తి కూడా చెప్పాలి. వాల్వుకు 5000 ఓములు, స్పీకరుకు 8 ఓములు. భాగిస్తే 625, దాని వర్గమూలం 25. స్పీకరు వైపు ఒక చుట్టుకు వాల్వు వైపు పాతిక చుట్లు. పొరకూ పొరకూ మధ్య ఇన్సులేషన్ కాగితం తప్పనిసరి. ఈ పనికి తొందరలేని చేయి కావాలి, మోటారు సీజన్‌లో అడిగితే దొరకదు.

ట్యాగ్ స్ట్రిప్పుల మీద టంకం పెట్టడం ఓపిక ఉన్న ఎవరికైనా పట్టుబడుతుంది. రెండు జాగ్రత్తలు చాలు. హీటరు తీగలు రెంటినీ గట్టిగా మెలిపెట్టి ఛాసిస్ మూలల వెంట పోనివ్వాలి, గిటారు సిగ్నల్ తీగను వాటికి దూరంగా ఉంచాలి. లేకపోతే పాటకన్నా ముందు హమ్మింగ్ వినిపిస్తుంది.

ఇక ప్రాణానికి సంబంధించిన విషయం. స్విచ్చి ఆపినా కండెన్సర్లలో 250 వోల్టుల పైన నిలిచే ఉంటుంది. వాటికి అడ్డంగా 220 కిలో ఓముల రెసిస్టరు శాశ్వతంగా పెట్టాలి. ప్లగ్గు పీకి, రెండు నిమిషాలు ఆగి, మీటరు పెట్టి చూశాకే చేయి వేయాలి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మెకానిక్కుల సిరీస్ బల్బు వాడండి. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి నిలుస్తుంది, ట్రాన్స్‌ఫార్మరు బతుకుతుంది. స్పీకరు తగిలించకుండా యాంపు ఎప్పుడూ వేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్. గిటారు తీగలు కేబుల్ ద్వారా ఛాసిస్‌తో కలిసే ఉంటాయి, అంటే వాయించేవాడి వేళ్లు ఛాసిస్ మీదే ఉన్నట్టు. మన సీమలో ఎండాకాలం నేల బీటలు వారితే ఎర్తు గుంత కూడా ఎండిపోతుంది. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో నీళ్లు పోయడం మన పెద్దలు మరిచేవారు కాదు. మూడో పిన్ను పీకేసిన ప్లగ్గుతో ఏ గిటారూ పట్టుకోవద్దు. అధిక వోల్టేజీతో పని చేయని వాళ్లు మొదటిసారి తెలిసిన మెకానిక్కును పక్కన పెట్టుకునే దిగాలి.

ఇంత శ్రమ దేనికి అంటే, ఆ నాదం కోసం. ట్రాన్సిస్టర్ యాంపులో శబ్దం హద్దు దాటిన చోట తల నరికినట్టు తెగుతుంది. వాల్వు వంగుతూ వంగుతూ పరిమితికి చేరుతుంది. అలా వంగినప్పుడు మూలస్వరానికి పై స్వరాలు తోడవుతాయి. ఒకే పవర్ వాల్వున్న యాంపులో వాటిలో ముందు వినిపించేది రెండో హార్మోనిక్, అంటే పై స్థాయి షడ్జం. మూడోది దాని మీది పంచమం. షడ్జం, పంచమం, ఇవి తంబురా నాదానికి ఆధారమైన స్వరాలే కాబట్టి మన చెవికి ఈ యాంపు పరాయిగా తోచదు. మెల్లగా మీటితే గొంతు తేటగా ఉంటుంది, గట్టిగా మీటితే జీర వస్తుంది. ఆ రెంటి నడుమ తేడా బటన్లలో లేదు, వాయించేవాడి వేళ్లలో ఉంది.

విలువ ఇంకోటి కూడా ఉంది. నేటి ఎలక్ట్రానిక్ సరుకులో చిన్న చిప్పు పోతే బోర్డంతా పారేయాల్సి వస్తుంది. ఈ యాంపులో ప్రతి భాగం కంటికి కనబడుతుంది, విడిగా దొరుకుతుంది, విడిగా మారుతుంది. ఈఎల్84 క్యాథోడ్ దగ్గర మీటరు పెడితే 7 వోల్టుల చిల్లర కనిపించాలి. అది చూసి వాల్వు ఆరోగ్యం చెప్పేయవచ్చు. రేకుల పెట్టె, చెక్క డబ్బా, రాగి చుట్టు, టంకం అన్నీ ఊళ్లోని పనివాళ్ల చేతుల మీదుగానే సాగుతాయి.

వాల్వు రేడియోలు విప్పి బాగుచేసిన తరానికి వయసు మీదపడింది. ఏ రేకుకు ఎన్ని చుట్లు, ఏ తీగ ఎంత లావు అన్న లెక్కలు చాలామందికి జ్ఞాపకంలోనో పాత నోటు పుస్తకంలోనో ఉంటాయి. చర్చి పాటలకో, ఆర్కెస్ట్రాకో గిటారు పట్టిన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలకు నా మనవి ఇదే: కొత్త యాంపు ఆర్డరు పెట్టకముందు మీ ఊళ్లో అలాంటి పెద్దాయన ఎవరున్నారో కనుక్కోండి. ఆయన దగ్గర కూర్చుని ఆ లెక్కలు రాసుకోండి.