అటక మీది మాయాబజార్

పాత సినిమా పోస్టర్ గురించి మొదలుపెట్టి మనం మాట్లాడేది ఎప్పుడూ సినిమా గురించే. ఎవరు నటించారు, ఎన్నాళ్ళు ఆడింది, అప్పట్లో నేల టికెట్ ఎంత - ఇవన్నీ అయ్యేసరికి పోస్టర్ పక్కకి పోతుంది. దాన్ని విడిగా, ఒక బొమ్మగా చూస్తే ఏముంటుంది? అమ్మమ్మగారింట్లో అటక మీద ట్రంకుపెట్టె అడుగున పరిచి ఉన్న ‘మాయాబజార్’ పోస్టర్ వల్ల నాకీ ప్రశ్న వచ్చింది.

ఇది 1957 నాటి మొదటి విడుదలది కాదు. ఆ సినిమా ఆ తర్వాత ఎన్నోసార్లు మళ్ళీ ఆడింది. అలా మళ్ళీ ఆడినప్పటి కాగితం ఇది. హాలు పేరు, తేదీ ఉన్న చీటీ అంటించడానికి కింద వదిలిన తెల్లజాగా ఖాళీగానే ఉంది. అంటే ఇది గోడ ఎక్కనే లేదు. పోస్టర్ల విషయంలో తమాషా ఇదే. పని చేసిన పోస్టర్ ఎండకి వెలిసి, వానకి నాని, చివరికి ఇంకో సినిమా కింద పడి పోతుంది. పని చెయ్యనిదే మిగులుతుంది.

బొమ్మలో సగం ఘటోత్కచుడే. భుజాన గద, మీద చెయ్యి. వెనక కృష్ణుడు చిన్నగా నవ్వుతుంటాడు. కింద ఒక మూల శశిరేఖా అభిమన్యులు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకి పెద్దపీట ఎస్వీ రంగారావుకి! కథలో ఘటోత్కచుడు వచ్చేది చాలా దూరం నడిచాకే. అయినా హాల్లోంచి బయటికొచ్చే జనం ఎవర్ని వెంట తీసుకెళ్తున్నారో ఈ చిత్రకారుడికి తెలుసు. ఆయన లెక్క హీరోల లెక్క కాదు, జనం లెక్క.

ఇక రంగులు. కె.వి.రెడ్డి తీసింది నలుపు-తెలుపు సినిమా. మార్కస్ బార్ట్‌లీ వెన్నెలంతా ఆ రెంటి మధ్యే పుట్టింది. 2010లో దానికి రంగులద్ది విడుదల చేశారు. కంప్యూటర్‌తో రంగులద్దడంలో ఒక చిక్కుంది: ప్రతి స్తంభానికీ, ప్రతి చీర అంచుకీ ఏదో ఒక రంగు తేల్చాల్సిందే, ఖాళీ వదలడానికి లేదు. పోస్టర్ వేసినాయనకి ఆ బాధ లేదు. కృష్ణుడికి నీలం, ఘటోత్కచుడికి ఇటుకరంగు, వెనక పసుపు. మిగతాది కాగితానికే వదిలేశాడు. నాకైతే ఈ పిసినారితనమే సినిమాకి దగ్గరగా ఉందనిపిస్తుంది. సినిమాలో ప్రియదర్శిని పెట్టె తెరిస్తే శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు, రేవతికి నగలు కనిపిస్తాయి. ఎవరికి ఏది ఇష్టమో వాళ్ళకి అది. మంచి పోస్టర్ చేసే పనీ అదే, కాకపోతే కొంచెం ఖాళీ ఉంటేనే కుదురుతుంది.

అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఇందులో సావిత్రి తల వంచుకున్న పెళ్ళికూతురు, అంతే. ఆ సినిమాలో ఆవిడ చేసిన అసలు పని మాయా శశిరేఖ: ఆడపిల్ల ఒంట్లో ఘటోత్కచుడి నడక, ఆ చూపు, ఆ దబాయింపు. రంగారావు ఆకారాన్ని సగం కాగితం మీద పరిచిన చిత్రకారుడు, అదే ఆకారాన్ని సావిత్రి తన ఒంటితో మోసిన సంగతి వదిలేశాడు. ఇప్పటికీ ‘మాయాబజార్’ అనగానే మనకి గదే గుర్తొస్తుందంటే అందులో ఇలాంటి పోస్టర్ల చెయ్యి కొంత ఉంది. గోడ మీది బొమ్మ సినిమాని అమ్మడమే కాదు, దాన్ని ఎలా గుర్తుపెట్టుకోవాలో కూడా చెబుతుంది.

అందుకే పోస్టర్‌కీ విమర్శ కావాలి. విమర్శ కావాలంటే ముందు కర్త కావాలి. ఈ కాగితంలో సంతకం ఉండాల్సిన కుడి మూల చిరిగిపోయింది. మా కజిన్ ఒకడు ఫోన్లో ఏదో యాప్ పెట్టి ఆ మూల నింపేశాడు, ఘటోత్కచుడి చెంప మీది మడత కూడా పోగొట్టాడు. చూడ్డానికి కొత్తగా, నున్నగా ఉంది. కానీ ఆ చెంప ఇప్పుడు రంగారావుదీ కాదు, చిత్రకారుడిదీ కాదు. లక్ష మొహాల సగటు అది. రోజూ ఇలాంటి సాఫ్ట్‌వేర్ మధ్యే బతికేవాడిగా చెబుతున్నాను: స్కాన్ చెయ్యండి, ఎంత వివరంగా వీలైతే అంత వివరంగా. నింపొద్దు. ఒక మనిషి పేరు పోయిన చోటు అది. అక్కడ చిరుగు కనబడాలి.