ఎదురుచూపుల చేతిపని

వాడి పక్కన పెట్టిన వస్తువును కరిగించకుండా, పిండి చేయకుండా, దానికున్న రూపాన్నే ఆధారం చేసుకుని మునుపటికంటే విలువైన మరో వస్తువుగా మలచడాన్ని అప్‌సైక్లింగ్ అంటారు. పాత కాగితాన్ని మిల్లుకు పంపి, గుజ్జు చేయించి, మళ్లీ కాగితం తీసే రీసైక్లింగ్‌లో యంత్రమూ నీరూ కరెంటూ చేసే పనిని ఇక్కడ రెండు చేతులూ ఒక కత్తెరా కొంత ఓపికా చేస్తాయి కాబట్టి దీన్ని ఇంటి విద్యగానే లెక్కించాలి. పేరు ఇటీవలిదే అయినా తిరుపతి, చిత్తూరు ప్రాంతపు ఇళ్లకు ఆ పని కొత్తది కాదు. నలిగిపోయిన నూలు చీరలను పొరలుగా పరిచి బొంత కుట్టడం, అదే చీరలోని మెత్తటి భాగాన్ని పసిబిడ్డకు పొత్తిగుడ్డగా చించడం, ఖాళీ నూనె డబ్బాలో కనకాంబరం మొక్క నాటడం ఇక్కడి ఇల్లాళ్లు తరతరాలుగా చేస్తూ వచ్చినవే. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం తన ఆలయాలలో వాడిన పూలతో అగరుబత్తులు తయారు చేయించడం మొదలుపెట్టి, డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం సహకారంతో ఎండు పూల చిత్రపటాలను కూడా చేయించినప్పుడు, పారేసేదాన్ని మళ్లీ వాడుకునే ఇంటి అలవాటు సంస్థ స్థాయికి చేరినట్లయింది.

అలాంటి నేల మీద పిల్లలతో కలిసి పాత వస్తువులతో క్రిస్మస్ అలంకరణలు చేయడాన్ని పొదుపు కోణంలోనో పర్యావరణం కోణంలోనో మాత్రమే చూస్తే సగమే చూసినట్లవుతుంది, ఎందుకంటే ఆ పండుగ నడకలోనే ఈ పనికి కేటాయించినట్లున్న సమయం ఒకటుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో కూడిన కాలాన్ని క్రైస్తవ సంఘాలు ఆగమన కాలమని పిలుస్తాయి. అది ప్రభువు రాకకు ఎదురుచూసే కాలం. ఆ ఎదురుచూపు పెద్దలకు ప్రార్థనలోనూ వాక్యపఠనంలోనూ గడిచిపోతుంది గాని, పిల్లలకు చేతిలో ఏ పనీ లేకుండా ఎదురుచూడడం కష్టం. జర్మనీలోని హాంబుర్గ్ శివార్లలో నిరుపేద పిల్లల కోసం రౌహెస్ హౌస్ అనే ఆశ్రమాన్ని నడుపుతున్న లూథరన్ బోధకుడు యోహాన్ హిన్రిక్ విచెర్న్‌కు ఈ సంగతి బాగా తెలిసివచ్చింది. పండుగ ఇంకెన్ని రోజులుందని పిల్లలు పదే పదే అడుగుతుండగా, ఆయన 1839లో ఒక పాత బండి చక్రాన్ని తెచ్చి, దాని మీద ఆదివారాలకు పెద్ద తెల్లని కొవ్వొత్తులు నాలుగు, మిగిలిన రోజులకు చిన్న ఎర్రని కొవ్వొత్తులు నిలిపి, రోజుకొకటి చొప్పున వెలిగించే ఏర్పాటు చేశాడు. నేడు ప్రపంచంలోని అనేక చర్చిలలో పచ్చని ఆకులతో కనిపించే ఆగమన కాలపు వలయానికి మూలం ఆ చక్రమేనని చెబుతారు. అంటే ఇంత పేరున్న క్రిస్మస్ అలంకరణ ఒకటి పనికిరాని వస్తువుతో, పిల్లల ప్రశ్నకు సమాధానంగా పుట్టింది.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్లకు, 1865లో, ఉత్తర జర్మనీకే చెందిన హెర్మన్స్‌బుర్గ్ మిషన్ తరఫున ఆగస్ట్ మైలియస్ ఇప్పటి తిరుపతి జిల్లాలోని సూళ్లూరుపేటలో లూథరన్ సేవ ప్రారంభించాడు. ఆ సేవ నుంచి ఎదిగిన దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి నేడు తిరుపతే కేంద్రం. చిత్తూరు, మదనపల్లె వైపు అమెరికన్ల ఆర్కాట్ మిషన్ పనిచేసింది. ఈ సంఘాల కుటుంబాలలో ఎవరైనా పిల్లలకు విచెర్న్ చక్రాన్ని చూపించాలనుకుంటే అందుకు వెతుక్కోవలసిన పనిలేదు. తుప్పు పట్టిన సైకిల్ రిమ్ము ఒకటి, ఇసుక నింపి కొవ్వొత్తి గుచ్చడానికి నాలుగు కొబ్బరి చిప్పలు, చుట్టడానికి కొంత సరుగుడు కొమ్మ ఉంటే చాలు. వెలిగించే పని మాత్రం పెద్దల చేతి మీదుగా జరగాలి.

ఇక తెలుగునాట క్రిస్మస్ గుర్తు ఏదని అడిగితే చెట్టుకంటే ముందు చెప్పుకోవలసింది ఇంటి ముందు వేలాడే నక్షత్రం. డిసెంబరు మొదలు కాగానే వసారాలోనో మిద్దె మీదనో కట్టే ఈ నక్షత్రాన్ని వెదురు బద్దలు, రంగు కాగితం, ఉడికించిన మైదా జిగురుతో ఇంట్లోనే చేసుకునే అలవాటు ఉండేది. ఇప్పుడది మడిచి పెట్టిన అట్టగానో ప్లాస్టిక్ గొట్టాల దీపంగానో అంగడిలో సిద్ధంగా దొరుకుతున్నందున ఆ విద్య చాలా ఇళ్లలో ఆగిపోయింది. అది తిరిగి రావడం అవసరం, ఎందుకంటే పదేళ్ల పిల్లకు ఇంతకంటే మంచి రేఖాగణిత పాఠం దొరకడం కష్టం. సమానమైన పొడవున్న ఐదు బద్దలను ఒకదానిపై ఒకటి దాటించి కొసలు కట్టినప్పుడు ఐదు మొనల నక్షత్రం వస్తుంది. అలాంటివి రెండు చేసి, మొనల దగ్గర జతకట్టి, లోపలి మూలల్లో ఐదు పొట్టి పుల్లలను అడ్డంగా నిలిపితే రెండు నక్షత్రాలూ నడుమ ఉబ్బి, దీపం పట్టేంత చోటు ఏర్పడుతుంది. ఒక్క బద్ద పొడవు తగ్గినా నక్షత్రం ఒక వైపుకు ఒరుగుతుంది కాబట్టి కొలత ఎందుకు అవసరమో చెప్పకుండానే తెలుస్తుంది. పొట్టి పుల్లలుగా కాలిపోగా మిగిలిన అగరుబత్తి పుల్లలను వాడవచ్చు. కొసలు కట్టడానికి పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలు దారంకంటే గట్టిగా పట్టి ఉంచుతాయి. పారేసే వస్తువులతో విజ్ఞానశాస్త్ర బొమ్మలు చేయడాన్ని దేశమంతటా పిల్లలకు నేర్పి 2018లో పద్మశ్రీ అందుకున్న అరవింద్ గుప్తా, అగ్గిపుల్లలను సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి త్రిభుజం చదరంకంటే ఎందుకు గట్టిగా నిలుస్తుందో చూపించిన పద్ధతి కూడా ఇదే దారిలోనిది.

కాగితం విషయంలో ఈ ప్రాంతపు వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానలు తిరుపతి జిల్లాలో గట్టిగానే కురుస్తాయి, వాన లేని రాత్రి మంచు దిగుతుంది, కనుక పలుచటి కాగితపు నక్షత్రం ఆరుబయట ఎక్కువ రోజులు నిలవదు. డిసెంబరు నాటికి ప్రతి ఇంట్లోనూ పదకొండు నెలల పేజీలకు కాలం చెల్లిన క్యాలెండరు ఉంటుంది. దాని నున్నటి దళసరి కాగితం తేమను కొంత తట్టుకుంటుంది. అది వెలుతురును లోపలే ఆపేస్తుంది కాబట్టి, సూదితో చిన్న చిన్న రంధ్రాలు వరుసగా పొడిచి పూవో పక్షో ఆకారం తీయాలి, లేదా కిటికీలా కత్తిరించి, మిఠాయి పెట్టెల్లో వచ్చే బటర్ పేపరును వెనుక నుంచి అతికించాలి. లోపల పాతకాలపు బల్బు వేడెక్కి కాగితాన్ని అంటించే ప్రమాదం ఉన్నందున తక్కువ వాట్ల ఎల్ఈడీ దీపమే పెట్టాలి. పుస్తకాలు కుట్టేవారు పురుగు పట్టకుండా జిగురులో కలిపే మైలుతుత్తం విషపదార్థం, కాబట్టి పిల్లలు వేలు పెట్టే జిగురులో దాన్ని కలపకూడదు. ఏ రోజు జిగురు ఆ రోజు కొద్దిగా ఉడికించుకోవడమే మేలు.

అదే క్యాలెండరు కాగితాన్ని వెడల్పుకు ఇరవై ఐదు, ముప్పై రెట్ల పొడవున్న పట్టీలుగా కోస్తే, నాలుగు పట్టీలతో జిగురు చుక్క కూడా లేకుండా అల్లే మరో చిన్న నక్షత్రం తయారవుతుంది. కిండర్‌గార్టెన్ విధానాన్ని ఆరంభించిన ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ పేరుతో జర్మన్లు దానిని పిలుస్తారు. దీనికి మడత మీద మడత పెట్టే క్రమం గుర్తుండాలి, అందుకే ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇవ్వకపోవడం మంచిది. వాళ్లకు శుభలేఖల మీది బంగారు అచ్చులను కత్తిరించి దారానికి గుచ్చే పని చాలు.

వీటన్నిటికంటే ఆగమన కాలానికి బాగా అమరే పని ఒకటి శ్రీకాళహస్తి కలంకారీ నుంచి తీసుకోవచ్చు. అక్కడి కళాకారులు తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరబెట్టి నల్ల రంగు తీస్తారు. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెట్టిన నూలు గుడ్డ మీద వెదురు కలంతో ఆ రంగు నీటిని తాకిస్తే, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి, గీసిన చోటల్లా నలుపు తేలుతుంది. ఇందులో కరక్కాయ, బెల్లం తప్ప కొనవలసింది లేదు. మొదటి ఆగమన ఆదివారం పాత మేకులను బెల్లం నీళ్లలో వేసి గుడ్డతో మూత కట్టిన కుండను పిల్లలు రోజూ తొంగిచూస్తారు, వాసన మారడం గమనిస్తారు, మూడో ఆదివారం దాటాక చిరిగిన పంచె ముక్కల మీదనో నగరి, పుత్తూరు మరమగ్గాల దగ్గర మిగిలే గుడ్డ పీలికల మీదనో గొర్రెలనూ ఒంటెలనూ నక్షత్రాన్నీ గీసి తోరణంగా కడతారు. తొందరపడితే రంగు రాదు. విచెర్న్ కొవ్వొత్తులతో లెక్కపెట్టించిన రోజులను ఈ కుండ మరో రకంగా లెక్కపెట్టిస్తుంది. ఈ ప్రాంతంలో పిల్లలున్న ప్రతి క్రైస్తవ గృహానికీ మొదట సూచించదగినది ఈ పనే. ఇనుప నీళ్ల మరక బట్టల నుంచి పోదు కాబట్టి పాత చొక్కాలు తొడిగి కూర్చోబెట్టాలి.

పశువుల పాక అని పిలిచే యేసు జనన దృశ్యాన్ని ఇంట్లో అమర్చడం మరో పెద్ద పని. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సీసీ ఫ్రాన్సిస్ సజీవమైన ఎద్దును, గాడిదను నిలిపి ఈ దృశ్యాన్ని ఏర్పాటు చేసినప్పటి నుంచి దీనికి ఆదరణ పెరిగిందంటారు. లూకా సువార్త ప్రకారం శిశువుకు దొరికినవి పొత్తిగుడ్డలు, పశువుల తొట్టి. మేత వేసే తొట్టి ఊయలగా మారిన ఆ కథను చెప్పడానికి మెరిసే ప్లాస్టిక్ బొమ్మలకంటే ఇంట్లో మిగిలిన వస్తువులే తగినవని అనిపిస్తుంది. రాయలసీమలో కొదవలేని వేరుశనగ కాయను పాత చీర పీలికతో చుడితే, నడుమున ఉన్న నొక్కు వల్ల అది అచ్చంగా పొత్తిగుడ్డల్లోని బిడ్డలా కనిపిస్తుంది. అదే కాయకు దూది అంటించి నాలుగు పుల్లలు గుచ్చితే గొర్రె అవుతుంది. పీచు ఎక్కువగా ఉండే నాటు మామిడి టెంకను వేసవిలోనే కడిగి ఎండబెట్టి దాచిన ఇంట్లో శిశువును చూడవచ్చిన తూర్పు దేశపు జ్ఞానుల బొమ్మలకు గడ్డాల కొరత ఉండదు. పాక ముందు పచ్చిక కోసం, దసరా బొమ్మల కొలువులో పార్కు చేయడానికి రాగులో ఆవాలో చల్లి మొలకెత్తించే పద్ధతినే అనుసరించవచ్చు. పండుగకు వారం ముందు తడి ఇసుకలో చల్లితే సరిపోతుంది. కొలువు పెట్టే ఇంటి పిల్లలూ పాక పెట్టే ఇంటి పిల్లలూ ఒకే బడిలో చదివే తిరుపతిలో ఈ విద్య ఒకరి నుంచి ఒకరికి సులువుగా చేరుతుంది.

పెద్దలు ఈ పనులను ఎక్కువగా చెడగొట్టేది రెండు చోట్ల. మొదటిది, వంకర నక్షత్రాన్ని పిల్లలు నిద్రపోయాక సరిదిద్దడం. పొద్దున్నే లేచి చూసిన పిల్లకు అది తన పని కాదని వెంటనే తెలిసిపోతుంది, ఆ తర్వాత ఆమెకు ఆ పని మీద మునుపటి ఇష్టం ఉండదు. రెండోది, పాత వస్తువును అందంగా చూపించాలనే ఆత్రంలో దానికి కొత్త ప్లాస్టిక్ తొడగడం. కొబ్బరి చిప్పకు రంగు స్ప్రే కొట్టి, మెరుపు పొడి చల్లి, వేడి జిగురు తుపాకీతో ప్లాస్టిక్ పూలు అంటించి చేసిన గంట, చూడడానికి ఎంత బాగున్నా, మట్టిలో కలిసే చిప్పను ఎప్పటికీ కలవని వస్తువుగా మార్చడమే అవుతుంది. గ్లిటర్ అనే ఆ మెరుపు పొడిలో ఎక్కువ భాగం అతి సూక్ష్మమైన ప్లాస్టిక్ రేకులే కనుక, విడిగా అమ్మే ప్లాస్టిక్ గ్లిటర్‌ను ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరు నుంచి నిషేధించింది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో జారీ చేసిన నిబంధనల కింద, 2022 జూలై 1 నుంచి నిషేధంలోకి వచ్చిన ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణకు వాడే థర్మోకోల్ స్పష్టంగా ఉంది. మంచుకు బదులుగా థర్మోకోల్ పూసలు చల్లే అలవాటును మానడానికి ఆ ఒక్క కారణం చాలు.

మెరుపు కావాలంటే చిప్స్ ప్యాకెట్ల లోపలి వెండి వైపును వాడవచ్చు. ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియాన్ని అతి పలుచగా పూసి, మరికొన్ని పొరలతో కలిపి చేసే ఈ ప్యాకెట్లను పొరలు విడదీయలేని కారణంగా రీసైక్లింగ్ చేయడం చాలా కష్టం, కాబట్టి వాటిని కడిగి, తుడిచి, సన్నని కుచ్చులుగా కోసి ఏటేటా దాచి వాడుకోవడమే వాటికి దక్కగల మంచి వినియోగం. అయితే అలంకరణ కోసమని ప్యాకెట్లు కొనిపించే పిల్లలు కూడా ఉంటారు; అక్కడ మాత్రం పెద్దలు గట్టిగా ఉండాలి.

తూర్పు దేశపు జ్ఞానుల రాకను స్మరించే జనవరి 6తో అలంకరణలు దించుతారు, వారం తిరగగానే వీధుల్లో భోగి మంటలు మొదలవుతాయి. ఈ రెండింటి నడుమ పిల్లలకు ఒక పూట పని ఉంది. వెదురు చట్రం నుంచి కాగితాన్ని ఊడదీసి చట్రాన్ని మరుసటి ఏటికి అటకెక్కించాలి, కలంకారీ తోరణాన్ని మడిచి దాచాలి, మొలకలను మొక్కల మొదట్లో వేయాలి, వెండి కుచ్చుల్లో బాగున్నవి సంచిలో కట్టి, చిరిగినవి భోగి మంట దరికి చేరనీయకుండా పొడి చెత్తగా పారిశుద్ధ్య సిబ్బందికి విడిగా అందించాలి, ఎందుకంటే ప్లాస్టిక్ కాలిన పొగ అందరికంటే ముందు మంట చుట్టూ చేరే పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఈ వేరుచేసే పనికి వాళ్లకు పెద్దల సూచనలు అంతగా అవసరం ఉండవు. ఏ వస్తువులో ఏమేమి కలిపారో కలిపిన చేతులకు తెలుసు.