కొట్టేసిన గీత కనబడాలి

పలాసలో మా చిన్నాన్నది జీడిపిక్కల వ్యాపారం. రైతులు తెచ్చిన పిక్కలు కాటా వేసి, చీటీ ఇచ్చి, డబ్బు లెక్కకట్టే పనికి నేనొక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. దూరం నుంచి తెచ్చేవాళ్లకు రవాణా ఖర్చు కలపాలని ఆయన అంటే, ఒక సాయంత్రం విజయనగరంలో మా ఇంట్లో కూర్చుని దాన్ని సవరించాను. చేయి వేశాను కదా అని మరో మూడు చోట్ల కూడా మార్చి, పరీక్షగా చూడకుండానే పలాస కంప్యూటర్లో పెట్టించాను. మూడో రోజు పొద్దున్నే గుమస్తా ఫోను చేశారు.

“బాబూ, సంచి బరువు రెండుసార్లు తీసీసినావేటి? రైతులు గోల పెడతన్నారు.”

నిజమే. కాటా దగ్గరే ఆయన గోనెసంచి బరువు తీసేసి రాస్తారు. ఆ సంగతి నేను అడగలేదు, ప్రోగ్రాంలో మళ్లీ తీశాను. తప్పు ఒక్క వరుసలో ఉంది. కానీ ఆ సాయంత్రం చేసిన నాలుగు మార్పుల్లో మూడు సరైనవే. మొత్తం రద్దు చేసి పాత ప్రతికి వెళ్లిపోతే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే. ఆ ఒక్క వరుసనే వెనక్కి తీయాలి.

పొందూరు మగ్గం మీద ఇలాంటి వీలు లేదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, సన్నని నూలు వడికి నేసే ఆ ఖద్దరులో ఒక పేక పోగు తప్పు పడి, నాలుగు వేళ్ల గుడ్డ నేశాక కంటబడిందనుకోండి. తర్వాత నేసిందంతా ఒక్కొక్క పోగే ఊడదీసుకుంటూ అక్కడిదాకా వెనక్కి రావాలి. ప్రోగ్రాం రాసేవాళ్ల అదృష్టం ఏమిటంటే, వాళ్ల గుడ్డలో నడిమి పోగు ఒక్కటే లాగినా మిగతా నేత చెదరకుండా నిలవగలదు. అయితే ఆ పోగు మీద వేరే పోగులేవీ ఆధారపడి ఉండకూడదు.

ఈ పనికి సాధనాలు ఒక్కొక్కటిగా కూడాయి. రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి, ఏ వరుస పోయిందో ఏది చేరిందో చెప్పే ‘డిఫ్’ 1970ల తొలి సంవత్సరాల్లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్‌తో పాటు వచ్చింది. ఆ తేడాను మరో ప్రతిలో అతికించే ‘ప్యాచ్’ను లారీ వాల్ 1985లో రాశాడు. లినక్స్ కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన గిట్ ఈ రెండు పనులనూ, పాత ప్రతులన్నీ దాచే పనినీ ఒకచోటికి తెచ్చింది.

ఫోను పెట్టేసి ‘గిట్ రిస్టోర్’ ఆజ్ఞకు ‘-పి’ తగిలించి కొట్టాను. 2019లో వచ్చిన ఆజ్ఞ ఇది. అంతకుముందు ఇదే పని ‘చెకౌట్ -పి’ చేసేది. ఇది మార్పులను తునకలు తునకలుగా చూపించి, ఒక్కోదాన్నీ పారేయాలా అని అడుగుతుంది. ‘వై’ అంటే పారేయమని, ‘ఎన్’ అంటే ఉంచమని, ‘ఎస్’ అంటే తునకను ఇంకా చిన్నగా విడగొట్టమని. నా తప్పున్న తునక ఇలా ఉంది:

− చెల్లింపు = బరువు × ధర
+ బరువు = బరువు − సంచి
+ చెల్లింపు = బరువు × ధర + రవాణా

‘ఎస్’ నొక్కితే విడిపోలేదు. మార్పుల మధ్య మారని వరుస ఒక్కటైనా ఉంటేనే అక్కడ కోత పడుతుంది. ఇక మిగిలింది ‘ఈ’, అంటే తునకను చేత్తో దిద్దడం. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. మనం రాస్తున్నది పారేయాల్సిన వాటి జాబితా అని గుర్తుంచుకుంటే చిక్కు వీడుతుంది. రవాణా వరుస ఉండాలి కాబట్టి దాని ముందున్న కూడిక గుర్తు తీసి ఖాళీ పెట్టాను. పాత చెల్లింపు వరుస తిరిగి రాకూడదు కాబట్టి తీసివేత గుర్తున్న ఆ వరుసను పూర్తిగా తుడిచాను. సంచి వరుసను ముట్టుకోలేదు. దాచి బయటికి రాగానే సంచి పోయింది, రవాణా మిగిలింది. మౌసుతో పనిచేసేవాళ్లకు వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్లలో కావలసిన వరుసలు ఎంచుకుని అవే వెనక్కి తీసే వీలుంది. చేత్తో ఒకసారి చేసి చూస్తే మాత్రం లోపల జరిగేదేమిటో అర్థమవుతుంది.

తునకతో పాటు పైనా కిందా మూడేసి మారని వరుసలను గిట్ చూపిస్తుంది. అవి ఇరుగుపొరుగు సాక్షులు. ఫైల్లో పైన పది వరుసలు కొత్తగా చేరి సంఖ్యలు మారినా, ఆ సాక్షులను బట్టి అసలు చోటు పట్టుకుంటుంది. సాక్షులే మారిపోతే చేతులెత్తేసి, మీరే తేల్చండి అంటుంది.

ఈ దిద్దుబాటు మనకు కొత్తది కాదు. గంటంతో తాటాకు మీద గీసిన అక్షరం చెరగదు. తప్పు రాస్తే కొట్టేయాలి. మరిచిపోతే ఆ చోట హంసపాదు పెట్టి, వదిలేసిన ముక్కను పైనో అంచునో రాయాలి. హంసపాదు చోటు చూపిస్తుంది, చుట్టూ ఉన్న అక్షరాలు సాక్ష్యం చెబుతాయి. చదివేవాడికి తప్పూ కనిపిస్తుంది, దిద్దుబాటూ కనిపిస్తుంది.

మా విజయనగరంలో దిద్దుబాటు మాట రాగానే గురజాడ గుర్తొస్తారు. ఆయన నాటకం ‘కన్యాశుల్కం’ 1892లో ఇక్కడ ఆడింది, 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని మళ్లీ అచ్చు వేసినప్పుడు అక్కడో వరుస ఇక్కడో వరుస దిద్ది ఊరుకోలేదు. నాటకాన్ని పెంచారు, మధురవాణి పాత్రను పెంచారు, దాదాపు తిరగరాశారు. మనం చదివేదీ ఆడేదీ ఆ రెండో ప్రతినే. అయినా పరిశోధకుడు బంగోరె 1969లో మొదటి కన్యాశుల్కాన్ని వెతికి తీసి మళ్లీ అచ్చు వేయించారు. ఆ ప్రతి చేతికి రావడం వల్లే గురజాడ ఏది ఉంచారో, ఏది పక్కన పెట్టారో వరుస వరుసా పోల్చి చూడగలుగుతున్నాం. పాతది లేకపోతే పోలిక లేదు. పోలిక లేకపోతే ఎంచుకోవడమూ లేదు.

1910లో ఆయన రాసిన కథ పేరే ‘దిద్దుబాటు’. సానిపాటకు మరిగిన గోపాలరావుకు భార్య కమలిని ఒక ఉత్తరంతో బుద్ధి చెబుతుంది. మొగుణ్ని వదిలేయలేదు, కాపురాన్ని రద్దు చేయలేదు. చెడ్డ అలవాటు ఒక్కటే ఎంచి పట్టుకుంది.

ఇక నా కథ. సంచి వరుస తీసేసి కొత్త ప్రతి పంపాక గుమస్తా మళ్లీ ఫోను చేశారు. “సరే గానీ బాబూ, తప్పుడు లెక్క ఏ రోజు నుంచి ఏ రోజు దాకా నడిచింది? అందులో ఎవరెవరికి తగ్గింది?”

నా దగ్గర జవాబు లేదు. ఆ మార్పులను నేను గిట్‌లో దాఖలు (కమిట్) చేయకుండానే పలాస పంపాను. దాఖలు కాని మార్పును ‘రిస్టోర్’ పారేస్తే దాని ఆనవాలు గిట్ దగ్గర కూడా ఉండదు. అది కొట్టేయడం కాదు, చెరిపేయడం. రైతులకు తగ్గిన డబ్బు చివరికి గుమస్తా చిట్టాలోంచే తేలింది. అందులో కాటా బరువు, సంచి బరువు, నికర బరువు వేరువేరుగా ఉన్నాయి. తప్పు పడిన అంకెలు కూడా ఒక్క గీతతో కొట్టేసి, చదవడానికి వీలుగా, పక్కన పొడి సంతకంతో ఉన్నాయి.

ఇప్పుడు నా పద్ధతి మారింది. ఏ మార్పైనా ముందు దాఖలు, తర్వాతే పలాసకు. వెనక్కి తీయాల్సి వస్తే ‘గిట్ రివర్ట్’ వాడతాను. అది పాత దాఖలును చెరపకుండా, దానికి ఎదురు దాఖలును కొత్తగా రాస్తుంది. కొన్ని వరుసలే తీయాలంటే దానికి ‘-ఎన్’ తగిలించి దాఖలుకు ముందే ఆపుతాను. ‘రీసెట్’తో ఎదురు మార్పులను సిద్ధపు అర (స్టేజింగ్) లోంచి కిందికి దించి, ‘యాడ్ -పి’తో కావలసిన వరుసలే మళ్లీ ఎక్కిస్తాను. వాటిని దాఖలు చేసి, మిగిలిన ఎదురు మార్పులను పారేస్తాను. ఎందుకు తీశానో ఒక్క వాక్యం రాస్తాను: “సంచి బరువు కాటా దగ్గరే తీస్తారు, ఇక్కడ మళ్లీ తీయకూడదు.” హంసపాదు చోటు చెబుతుంది, ఈ వాక్యం కారణం చెబుతుంది.

మొన్న పలాస వెళ్లినప్పుడు ఆ దాఖలుల వరుసను గుమస్తాకు తెర మీద చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని తేదీలన్నీ చదివి, తన చిట్టా తెరిచి ఆ పక్కన పెట్టుకున్నారు. రెండూ సరిపోల్చడం మొదలుపెట్టారు.