మంత్రి ప్రకటన – సభ పరిశీలన: బ్రిటన్ మానవ హక్కుల చట్టం 19వ సెక్షన్‌పై విమర్శ

చట్టం వల్ల హక్కులకు కలిగిన హానిని న్యాయస్థానం సరిదిద్దేసరికి బాధితుడు దానిని అనుభవించే ఉంటాడు. అందుకే హక్కుల పరీక్ష బిల్లు దశలోనే జరగాలన్న భావన ఏర్పడింది. బ్రిటన్ 1998 నాటి మానవ హక్కుల చట్టం 19వ సెక్షన్ ఈ భావనకు రూపమిచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ బిల్లు బాధ్యత వహించే మంత్రి, రెండవ పఠనానికి ముందే, అది యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడికకు అనుకూలమని లిఖితపూర్వకంగా ప్రకటించాలి. లేదా, అలా చెప్పలేకపోయినా సభ చర్చను కొనసాగించాలని ప్రభుత్వం కోరుతున్నట్లు తెలపాలి. కారణాలు వివరించాలన్న నియమం మాత్రం ఆ సెక్షన్‌లో లేదు. ఆ వివరణను రాబట్టే పని 2001 నుండి ఉభయ సభల మానవ హక్కుల సంయుక్త సంఘం చేస్తున్నది.

ఈ ఏర్పాటు పరిమితి 2001 నాటి ఉగ్రవాద నిరోధక, నేర, భద్రతా చట్టం విషయంలో బయటపడింది. ఉగ్రవాదులన్న అనుమానం ఉండి, దేశం నుండి పంపివేయడం సాధ్యంకాని విదేశీయులను విచారణ లేకుండా నిరవధికంగా నిర్బంధించే అధికారాన్ని అందులోని 4వ భాగం కల్పించింది. ఒడంబడిక 5వ అధికరణం నుండి మినహాయింపు ప్రకటించుకొని, ఆ ఆధారంతోనే బిల్లు అనుకూలమని ప్రభుత్వం పేర్కొన్నది. సంయుక్త సంఘం ఆ మినహాయింపు అవసరాన్నే శంకించింది. అయినా నవంబరులో వచ్చిన బిల్లు డిసెంబరు 14 నాటికి చట్టమైంది.

2004 డిసెంబరు 16న ప్రభువుల సభ న్యాయమూర్తులు తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది ఆ నిర్బంధాధికారం ఒడంబడికకు విరుద్ధమని తేల్చారు. ఈలోగా మూడేళ్లు గడిచాయి.

తొందరపాటే ఇందుకు కారణమనడం అసంపూర్ణం. 2003, 2004 సంవత్సరాలలో ఆ అధికారాల గడువును పొడిగించినప్పుడు పార్లమెంటుకు ఆలోచించే వ్యవధి ఉన్నది. సంఘం లేవనెత్తిన సందేహానికి ఓటింగుకు ముందే సమాధానం చెప్పి తీరాలన్న నిబంధన మాత్రం లేదు. ఆస్ట్రేలియా 2011 నాటి చట్టం ప్రకటనలో హక్కుల అంచనాను తప్పనిసరి చేసి ఒక అడుగు ముందుకు వేసింది; కానీ సంఘం నివేదిక వచ్చేదాకా బిల్లు ఆగాలని అదీ నిర్దేశించలేదు.

ఎన్నికైన సభ నిర్ణయానికి సంఘం అడ్డుపడరాదన్న వాదన సబబే. అయితే సమాధానం కోరడం నిర్ణయాన్ని అడ్డుకోవడం కాదు. తెలిసి నిర్ణయించే అవకాశాన్ని సభకు ఇవ్వడమే.

భారత రాజ్యాంగం 13వ అధికరణం ప్రాథమిక హక్కులను హరించే శాసనాన్ని నిషేధిస్తున్నా, బిల్లుతోపాటు ఇటువంటి ప్రకటన చేయాలన్న నియమం ఇక్కడ లేదు. అటువంటి నియమాన్ని రూపొందించదలిస్తే బ్రిటన్ అనుభవం నుండి గ్రహించవలసినది మంత్రి సంతకం కన్నా, ఆ సంతకానికి సభ ఎదుట జవాబుదారీ ఉండాలన్న పాఠమే.