విజ్ఞానశాస్త్రం, వాణిజ్యం, సమాజం: సమన్విత పాఠ్యక్రమాల్లో తెలుగు భాష స్థానం

ప్రవేశిక

విజ్ఞానశాస్త్రాన్ని వాణిజ్యంతోను, సమాచార ప్రసారంతోను, సమాజంతోను జోడించి బోధించే పాఠ్యక్రమాలు గత ఆరు దశాబ్దాలుగా విశ్వవిద్యాలయాల్లో రూపుదిద్దుకొంటూ వచ్చాయి. భారతదేశంలో 2020 నాటి జాతీయ విద్యావిధానం బహుళశాస్త్ర బోధనకు ప్రాధాన్యమివ్వడంతో వీటి ప్రస్తావన ఇక్కడా పెరిగింది. ఇటువంటి పాఠ్యక్రమాల్లో భాష సాధారణంగా ఒక నైపుణ్యంగానే ప్రవేశిస్తుంది. క్లిష్టమైన శాస్త్ర విషయాన్ని సామాన్యుడికి తేలికగా ఎలా చెప్పాలన్నదే అక్కడి ప్రశ్న. ఈ అవగాహన చాలదని నిరూపించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం. ఒక వస్తువును ఏ పేరుతో పిలుస్తారు, ఆ పేరు ఎవరు పెట్టారు, ఎవరి మాటను సాక్ష్యంగా అంగీకరిస్తారు అన్న విషయాలే శాస్త్రానికి, వర్తకుడికి, రైతుకు నడుమ సంబంధాన్ని నిర్ణయిస్తాయి. అందువల్ల ఇటువంటి పాఠ్యక్రమంలో తెలుగు శాఖకు అనువాదకుడి స్థానం కాక విమర్శకుడి స్థానం ఉండాలి. ఈ ప్రతిపాదనకు మూడు ఆధారాలను ఇక్కడ పరిశీలించడం జరుగుతుంది: తెలుగులో జనరంజక విజ్ఞాన వచనం, వ్యవసాయంలో ‘మందు’ అనే మాట, 2001లో మెదక్ జిల్లాలో జరిగిన ‘ప్రజాతీర్పు’.

సమన్విత పాఠ్యక్రమాలు: పుట్టుక, పరిమితి

1959లో సి.పి. స్నో కేంబ్రిడ్జిలో ‘రెండు సంస్కృతులు’ పేర ప్రసిద్ధమైన ఉపన్యాసం చేశారు. సాహిత్యజ్ఞులు, శాస్త్రజ్ఞులు పరస్పరం అర్థం చేసుకోలేని రెండు వర్గాలుగా విడిపోయారన్నది ఆయన అభియోగం. దానికి 1962లో తీవ్రంగా సమాధానమిచ్చిన ఎఫ్.ఆర్. లీవిస్ సాహిత్య విమర్శకుడు. అంటే ఈ చర్చ మొదలైనప్పుడే సాహిత్య విమర్శ అందులో ఒక పక్షంగా ఉంది. అయితే తరువాత ఏర్పడిన సంస్థల్లో ఆ స్థానం నిలబడలేదు. 1966 ప్రాంతంలో బ్రిటన్‌లోని మాంచెస్టర్, ఎడింబరో, ససెక్స్ విశ్వవిద్యాలయాల్లో విజ్ఞానశాస్త్రపు సామాజిక, విధాన అధ్యయనాలకు ప్రత్యేక విభాగాలు వెలిశాయి. 1991లో లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలో విజ్ఞాన ప్రసారంలో స్నాతకోత్తర కోర్సు ప్రారంభమైంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం విజ్ఞానశాస్త్ర స్నాతకోత్తర విద్యార్థులకు పరిశోధనతో పాటు వాణిజ్యాన్ని గాని, విజ్ఞాన ప్రసారాన్ని గాని ప్రత్యేకాంశంగా ఎంచుకొనే వీలు కల్పించింది.

ఈ క్రమంలో ఒక ముఖ్యమైన సైద్ధాంతిక మార్పు వచ్చింది. 1985లో రాయల్ సొసైటీ ప్రకటించిన బోడ్మర్ నివేదిక ప్రజలకు శాస్త్రజ్ఞానం కొరవడిందని, ఆ కొరతను పూరించాలని భావించింది. ఈ భావననే తరువాతి పరిశోధకులు ‘లోటు నమూనా’ అని విమర్శించారు. ఆ విమర్శకు బలమిచ్చిన అధ్యయనం బ్రయన్ విన్‌ది. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం తరువాత ఇంగ్లండులోని కంబ్రియా కొండల్లో గొర్రెల అమ్మకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఆంక్షలు కొద్ది వారాలకే తొలగిపోతాయని శాస్త్రజ్ఞులు చెప్పిన మాట నిజం కాలేదు. ఒండ్రుమట్టి నేలలకు సరిపోయే అంచనాను వారు ఆమ్లగుణం గల కొండనేలలకు వర్తింపజేశారు. మేత గురించి, నేల గురించి కాపరులకున్న అనుభవజ్ఞానాన్ని లెక్కలోకి తీసుకోలేదు. లోటు కాపరుల వైపు మాత్రమే లేదని విన్ అధ్యయనం స్పష్టం చేసింది. 2000లో బ్రిటన్ ప్రభువుల సభ వెలువరించిన ‘విజ్ఞానశాస్త్రం – సమాజం’ నివేదిక నాటికి ఏకపక్ష బోధన స్థానంలో సంభాషణ అన్న మాట స్థిరపడింది.

సంభాషణ అన్నప్పుడు అది ఏ భాషలో అన్న ప్రశ్న రాక తప్పదు. కంబ్రియాలో శాస్త్రజ్ఞుడు, కాపరి మాట్లాడేది ఇంగ్లీషే కాబట్టి ఆ ప్రశ్న అక్కడ ప్రముఖంగా రాలేదు. పరిశోధన, పేటెంటు, ఒప్పందం ఇంగ్లీషులోను, సేద్యం తెలుగులోను సాగే చోట అది మొదటి ప్రశ్న అవుతుంది. విదేశీ నమూనాను యథాతథంగా స్వీకరించే పాఠ్యక్రమం ఈ ప్రశ్నను కూడా అక్కడే వదిలివేసి వస్తుంది.

తెలుగు విజ్ఞాన వచనంలో పాఠకుడు

వాణిజ్యం, ప్రసారం, సమాజం అన్న మూడింటి కలయిక తెలుగుకు కొత్త కాదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి ఇందుకు నిదర్శనం. మండలి చందాదారుల ఆదరణపై ఆధారపడిన ప్రచురణ సంస్థ. చరిత్రతో పాటు ప్రకృతిశాస్త్రాలను తెలుగులో అందించడం దాని లక్ష్యాల్లో ఒకటి. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్ర గ్రంథం వంటివి ఆ కృషిలో భాగం. పుస్తకానికి ముందుగా పాఠకుణ్ణి సమకూర్చుకోవడం వ్యాపార పద్ధతి. ఆ పాఠకుడికి తగిన వచనాన్ని నిర్మించడం ప్రసార పద్ధతి. జాతి జాగృతి సామాజిక ప్రయోజనం. ఈ మూడూ ఒకే సంస్థలో విడదీయరాకుండా ఉన్నాయి. అయితే మండలి ఊహించిన పాఠకుడు తెలియనివాడు, తెలుసుకోగోరేవాడు. ఆ విధంగా చూస్తే లోటు నమూనా తెలుగులో 1985 కంటే ఎంతో ముందే ఉంది. వలసపాలనలో మాతృభాషా విద్యకు అవకాశాలు కొరవడిన స్థితిలో ఆ లోటు ఊహాకల్పితం కాదన్న సంగతిని కూడా గుర్తించాలి.

స్వాతంత్ర్యానంతర రచనల్లో ఈ సంబంధం కొంత మారింది. నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’, ‘నరావతారం’, మహీధర నళినీమోహన్ ‘పిడుగుదేవర కథ’ శీర్షికలే ఆ మార్పును సూచిస్తాయి. గీతలోని విశ్వరూప సందర్శనాన్ని స్ఫురింపజేసే పేరుతో ఖగోళ విజ్ఞానాన్ని, దశావతార భావనను తలపించే పేరుతో మానవ పరిణామాన్ని నండూరి చెప్పారు. పాఠకుడి మనసులో అప్పటికే ఉన్న పురాణ జ్ఞానాన్ని తుడిచివేయకుండా దాని మీదే కొత్త అర్థాన్ని నిలిపారు. పిడుగును దేవరగా సంబోధించే జానపద భయాన్ని శీర్షికలోనే ఉంచి నళినీమోహన్ విద్యుత్తు కథ వైపు నడిపించారు. ఇక్కడ పాఠకుడు ఖాళీ పాత్ర కాడు. తనదైన కథలతో వచ్చినవాడు. జనరంజక విజ్ఞాన వచనం సాధించిన ముఖ్యమైన విజయం ఇదే.

దాని పరిమితి కూడా ఇక్కడే ఉంది. ఈ సంప్రదాయంలో విజ్ఞానశాస్త్రం ప్రధానంగా విశ్వ రహస్యాన్వేషణ. అది అమ్ముడుపోయే సరుకుగా, ధర గల విత్తనంగా, రాయల్టీ రాబట్టే హక్కుగా కనిపించడం అరుదు. శాస్త్రం వాణిజ్యమై రైతు ముంగిట నిలిచిన చోట తెలుగును తీర్చిదిద్దినవారు రచయితలు కారు. ఆ భాష దుకాణంలో, పొలంలో, ప్రకటనల్లో తయారైంది.

‘మందు’: ఒక మాట చేసిన పని

రైతు వ్యవహారంలో చీడను చంపేది పురుగుమందు. కలుపును చంపేది కలుపుమందు. దుక్కిలో వేసే ఎరువు అడుగుమందు. ఎరువును చల్లినా ‘మందు చల్లడం’, విషాన్ని పిచికారీ చేసినా ‘మందు కొట్టడం’. నేలకు పోషకాన్నిచ్చే పదార్థం, ప్రాణిని చంపే పదార్థం ఒకే మాట కిందికి వచ్చాయి. ఆ మాటకు తెలుగులో ఉన్న ప్రధానార్థం ఔషధం. పైరుకు ‘తెగులు’ సోకడం, దానికి ‘మందు’ వేయడం అన్న వరసలో పైరు రోగి అవుతుంది, దుకాణదారు వైద్యుడవుతాడు. ఎరువులు, పురుగుమందుల వర్తకుడే పైరును గురించి సలహా చెప్పి, అదే మందును అరువుకిచ్చే పరిస్థితి పల్లెల్లో సర్వసాధారణం. వైద్యుడు, మందుల వర్తకుడు, అప్పిచ్చేవాడు ఒక్కరే అయిన ఈ ఏర్పాటుకు భాష ముందే సహజత్వాన్ని సమకూర్చి పెట్టింది.

శాస్త్ర పరిభాషలో ఇందుకు భిన్నమైన మాటలున్నాయి. ‘కీటకనాశని’, ‘క్రిమిసంహారిణి’ వంటివి చంపే గుణాన్ని దాచవు. అవి పాఠ్యపుస్తకంలో నిలిచాయి కాని పొలానికి చేరలేదు. చేరినప్పుడు కూడా ‘క్రిమిసంహారక మందు’ అనే మిశ్రరూపంలో చేరాయి. సంహారాన్ని విశేషణంగా మింగివేసి మందు విశేష్యంగా మిగిలింది. 1968 నాటి కీటకనాశనుల చట్టం, 1971 నాటి నియమావళి విషతీవ్రతను ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులతో డబ్బాపై సూచించాలని నిర్దేశించాయి. అత్యంత విషపూరితమైనవాటిపై పుర్రె గుర్తు కూడా ఉండాలి. ఆ విధంగా రంగు విషమంటుంది, పేరు మందంటుంది. ‘పురుగుమందు తాగి’ అన్న పత్రికా పదబంధంలో ఈ వైరుధ్యం దారుణంగా బయటపడుతుంది. తాగదగిన దానికి, తాగకూడని దానికి అదే నామవాచకం. రైతుల కష్టాలకు ఈ పదమే కారణమనడం అతిశయోక్తి. అప్పు, ధర, నీరు, వాతావరణం వంటి కారణాలు దానికంటే బలమైనవి. ఆ కారణాలు పనిచేసే తీరును మరుగుపరచడంలో పదానికి పాత్ర ఉందన్నంతవరకే ఈ వ్యాసం వాదం.

ఇదే రంగంలో ప్రత్యామ్నాయ పదజాలం కూడా పుట్టింది. ‘మిత్రపురుగులు’, ‘శత్రుపురుగులు’ అన్న జంట అందులో విలువైనది. పురుగులన్నిటినీ ఒకటిగా చూసే ‘పురుగుమందు’ అనే సమాసాన్ని ఈ జంట లోపలి నుంచే ప్రశ్నిస్తుంది. ప్రకృతి వ్యవసాయంలో ప్రచారంలోకి వచ్చిన ‘జీవామృతం’, ‘నీమాస్త్రం’, ‘బ్రహ్మాస్త్రం’ వంటి పేర్లను మాత్రం వేరుగా పరిశీలించవలసి ఉంది. ఇవి నండూరి శీర్షికల వలెనే పురాణ స్మృతిని ఆశ్రయిస్తాయి. నండూరి శీర్షిక పాఠకుణ్ణి పరిచితమైన కథ నుంచి వివరణ వైపు నడిపిస్తే, ‘బ్రహ్మాస్త్రం’ అనే పేరు వివరణ అవసరం లేని అమోఘత్వాన్ని ముందే ప్రకటిస్తుంది. రసాయన వాణిజ్యపు భాషను విమర్శించే దృష్టి దాని ప్రత్యర్థి భాషకూ వర్తించాలి.

ప్రజాతీర్పు: సాక్ష్యం చెప్పే భాష

1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సీ సంస్థ సహకారంతో ‘విజన్ 2020’ పత్రాన్ని వెలువరించింది. వ్యవసాయంపై ఆధారపడేవారి శాతాన్ని సుమారు 70 నుంచి 40కి తగ్గించడం అందులోని అంచనాల్లో ఒకటి. ఆ పత్రం ఎవరి జీవితాలను గురించి మాట్లాడిందో వారి అభిప్రాయం తెలుసుకొనేందుకు 2001 జూన్ చివర మెదక్ జిల్లా ఆల్గోల్ గ్రామంలో ‘ప్రజాతీర్పు’ జరిగింది. బ్రిటన్ పరిశోధన సంస్థలు, స్థానిక సంస్థలతో పాటు హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఇందులో భాగస్వామి. జ్యూరీ సభ్యులు పందొమ్మిదిమంది. అత్యధికులు చిన్న, సన్నకారు రైతులు, మహిళలే ఎక్కువ. ఆహారం, వ్యవసాయం గురించిన మూడు భవిష్య చిత్రాలను వీడియోల రూపంలో వారి ముందుంచారు. ప్రభుత్వం, కంపెనీలు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులు సాక్షులుగా వచ్చారు. బీటీ పత్తితో సహా జన్యుమార్పిడి పంటలను, ఒప్పంద సేద్యాన్ని, సేద్యం నుంచి మనుషులను తప్పించే యాంత్రీకరణను జ్యూరీ వ్యతిరేకించింది. నేల, విత్తనం, ఆహారం స్థానికుల అధీనంలో ఉండాలని కోరింది.

‘ప్రజాతీర్పు’ అనే పేరు ఇక్కడ కీలకం. ‘సర్వే’, ‘అభిప్రాయ సేకరణ’, ‘అవగాహన సదస్సు’ అన్న మాటల్లో రైతు సమాచారమిచ్చేవాడు లేదా తీసుకొనేవాడు మాత్రమే. ‘తీర్పు’ అన్నప్పుడు నిపుణుడు సాక్షి స్థానంలోకి, రైతు న్యాయనిర్ణేత స్థానంలోకి మారతారు. నిపుణుడి మాట జ్యూరీకి అర్థం కావలసిన బాధ్యత నిపుణుడిదే అవుతుంది. లోటు నమూనాను ఒక తెలుగు సమాసం తలకిందులు చేసిందనడం అత్యుక్తి కాదు.

ఈ ప్రక్రియ వివాదానికి అతీతం కాదు. 2002లో వెలువడిన నివేదికపై, జ్యూరీ ఎంపిక పద్ధతిపై బ్రిటన్‌లో తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. భవిష్యత్తును వీడియోగా మలచినవారి దృక్పథం తీర్పుపై పడదా అన్న ప్రశ్న సాహిత్య విమర్శకు సుపరిచితమైన కథన దృక్కోణ సమస్యే. మరొక చిక్కు మరింత లోతైనది. జ్యూరీ కాదన్న బీటీ పత్తికి 2002లో దేశంలో అనుమతి లభించింది. పదేళ్లు తిరగకుండానే అది రాష్ట్రపు పత్తి విస్తీర్ణంలో అత్యధిక భాగాన్ని ఆక్రమించింది. 2006 నాటికి రాష్ట్ర ప్రభుత్వం ప్రశ్నించింది విత్తనాన్ని కాదు, దాని ధరను. 450 గ్రాముల ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగివచ్చింది. ఆల్గోల్ తీర్పు రైతులందరి అభిప్రాయం కాదని కొందరు, దుకాణంలో జరిగిన కొనుగోలు స్వేచ్ఛాయుతమైన అంగీకారం కాదని మరికొందరు వాదించవచ్చు. దుకాణంలో రైతు ముందు మూడు భవిష్య చిత్రాలు లేవు. ఆల్గోల్‌లో రైతు ముందు ఆ సీజను అప్పు లేదు. తీర్పు, కొనుగోలు రెండూ రైతు వాక్కులే. రెండింటినీ ఒకే తరగతిలో పక్కపక్కన చదివించడమే సమన్విత పాఠ్యక్రమం చేయవలసిన పని.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి: తెలుగులో జనరంజక విజ్ఞాన వచనం పాఠకుడి పూర్వజ్ఞానాన్ని గౌరవించే మార్గాన్ని కనుగొంది గాని, శాస్త్రపు వాణిజ్య రూపాన్ని తన వస్తువుగా స్వీకరించలేదు. రెండు: ఆ ఖాళీలో వ్యవహారం తయారుచేసిన పదజాలం విషాన్ని ఔషధంగా, వర్తకుణ్ణి వైద్యుడిగా నిలబెట్టింది. మూడు: పేరు మారినప్పుడు నిపుణుడికి, రైతుకు నడుమ అధికార సంబంధం కూడా మారగలదని ప్రజాతీర్పు చూపింది.

వీటిని దృష్టిలో ఉంచుకొంటే తెలుగు శాఖ చేపట్టదగిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. పురుగుమందు డబ్బాపై పాఠం, విత్తన ప్యాకెట్టుపై హామీ, వ్యవసాయ కార్యక్రమాల ప్రసంగం, దుకాణదారు సలహా వంటివాటిని విశ్లేషణకు అర్హమైన పాఠాలుగా గుర్తించాలి. పొలంలోను, దుకాణంలోను వాడుకలో ఉన్న మాటలను ప్రాంతాల వారీగా సేకరించి పారిభాషిక పదకోశాలతో పోల్చాలి. విజ్ఞాన వచనాన్ని సాహిత్య చరిత్రలో ఒకటి రెండు పేరాలకు పరిమితం చేయకుండా కావ్యానికి, నవలకు వర్తింపజేసే శ్రద్ధతో చదవాలి. ఇందుకు శాఖ తన పరిధిని కొంత విస్తరించుకోవలసి వస్తుంది. అలా జరగని పక్షంలో వాణిజ్యం, ప్రసారం నేర్చి బయటికి వచ్చే విజ్ఞానశాస్త్ర పట్టభద్రుడు రైతుతో మాట్లాడేందుకు దుకాణం భాషనే అరువు తెచ్చుకొంటాడు. ఆ భాషలో రైతు అడగదలచిన ప్రశ్నకు మాట ఉండదు.