వేడి ఎటు పోవాలి?

జూలైలో షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో నీడపట్టునే 45 డిగ్రీలు ఉంటుంది. ఆ ఎండలో ఎవరైనా స్పోర్ట్స్ కారు తెచ్చి షెడ్డు ముందు ఆపి, "కూలింగ్ రావట్లేదు, గ్యాస్ పట్టించండి" అంటే నేను ముందు గేజీలు తీయను. మోకాళ్ల మీద కూర్చుని బంపర్ కిందికి చూస్తాను. గాలి ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది, మధ్యలో దానికి ఏం అడ్డం పడుతోంది? కారు ఏసీ పనిలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఈ మూడు ప్రశ్నల్లోనే ఉంది.

గ్యాస్ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారేస్తుంది, అంతే. కూలింగ్ కాయిల్‌లో మరిగి క్యాబిన్ వేడిని పట్టుకుంటుంది, కంప్రెసర్ దాన్ని నొక్కి ఇంకా వేడెక్కిస్తుంది, కండెన్సర్ దగ్గర ఆ వేడి గాలికి పోతుంది. అసలు చిక్కంతా ఈ చివరి మెట్టులో ఉంది. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటునుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది కాబట్టి, బయటి గాలి 45 డిగ్రీలుంటే కండెన్సర్‌లో గ్యాస్ 60 డిగ్రీలైనా ఉండాలి. 134ఎ గ్యాస్ 60 డిగ్రీల దగ్గర గేజీ మీద సుమారు 230 పీఎస్ఐ చూపిస్తుంది. అది కంప్రెసర్ మోయగల బరువే. కానీ స్పోర్ట్స్ కారు ముక్కు తారురోడ్డుకి జానెడు ఎత్తులో ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అది పీల్చేది వాతావరణ కేంద్రం చెప్పిన 45 డిగ్రీల గాలి కాదు, మాడిపోతున్న రోడ్డు మీది గాలి. అది ఓ పది డిగ్రీలు ఎక్కువైతే చాలు, గ్యాస్ 70కి ఎక్కుతుంది, గేజీ 290 దాటుతుంది. ఇంకా పెరిగితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. లోపల కూర్చున్నాయనకి "గ్యాస్ అయిపోయింది" అనిపిస్తుంది.

మామూలు సెడాన్‌కి ఇంత కష్టం లేదు. దానికి ముందు పెద్ద గ్రిల్లు, నిటారు అద్దం. స్పోర్ట్స్ కారు గాలిని చీల్చుకుని పోవాలి కాబట్టి ముందు సందులు చిన్నవి పెడతారు. ఆ చిన్న సందుల్లోంచే ఇంజన్ రేడియేటరూ, ఆయిల్ కూలరూ, కండెన్సరూ గాలి పంచుకోవాలి. ముందు అద్దం ఏటవాలుగా పడుకుని ఉంటుంది, నడినెత్తి ఎండ నేరుగా ఒళ్లో పడుతుంది. ఇంజన్ వీపు వెనకే ఉన్న కార్లలో ఇంకో సంగతి ఉంది. ఇంజన్ వెనక, రేడియేటర్ ముందు, మధ్యలో మనిషి. ఆ రెంటినీ కలిపే వేడినీళ్ల గొట్టాలు మనిషిని రాసుకుంటూ పోవాలి. లోటస్ ఎలీస్‌లో అవి రెండు పక్కలా తలుపు కింది గడపలోంచి పోతాయి. 90 డిగ్రీల నీళ్లు అటూ ఇటూ పారుతుంటే మధ్యలో కూర్చుని బండి నడపాలి. అలాంటి కార్లో ఏసీ ఎండతోనే కాదు, సొంత కారుతోనూ పోరాడాలి.

నాకు బాగా ఇష్టమైనదీ, నన్ను బాగా కష్టపెట్టిందీ ఒకటే కారు: 1974 నుంచి 1989 దాకా వచ్చిన పాత పోర్షా 911. దాని ఇంజన్ వెనక ఉంటుంది, గాలితోనే చల్లబడుతుంది. కంప్రెసర్ ఇంజన్‌తోపాటు వెనక, కూలింగ్ కాయిల్ ముందు డిక్కీ దగ్గర. కాబట్టి గ్యాస్ హోసులు కారు ఈ కొసనుంచి ఆ కొస దాకా పోయి మళ్లీ వెనక్కి రావాలి. అవి పాతకాలపు ఉత్త రబ్బరు హోసులు. ఎక్కడా చిల్లు లేకపోయినా రబ్బరులోంచే గ్యాస్ కొద్దికొద్దిగా ఊరిపోతుంటుంది. ఒక కండెన్సర్ వెనక ఇంజన్ మూత మీదే బిగించారు. ఇంజన్ ఫ్యాను దానిగుండా గాలి లాగుతుంది, అంటే కండెన్సర్ వదిలిన వేడిగాలే ఇంజన్‌కి చేరుతుంది. కారు ఆగితే కింద కాగుతున్న ఇంజన్ సెగ పైకి లేచి కండెన్సర్‌ని పట్టుకుంటుంది. ముందు బంపర్ కింద ఇంకో చిన్న కండెన్సర్ ఉంటుంది కానీ ఆ ఒక్కటీ ఈ ఎండకి ఏం సరిపోతుంది?

నేను ఆ కారుని తప్పుపట్టను. స్టట్‌గార్ట్‌లో పుట్టిన బండి, అక్కడి వేసవికి తగ్గట్టు కట్టుకున్నారు. తప్పు దాన్ని ఇక్కడికి తెచ్చుకుని కారు సంగతి పట్టించుకోకుండా గ్యాస్ మాత్రం పట్టిస్తూ పోయేవాళ్లది. అప్పట్లో అందులో ఉన్నది ఆర్12 అనే గ్యాస్. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత, ఓజోన్ పొరను తినేస్తోందని, తొంభైల్లో దాన్ని మాన్పించి 134ఎ తెచ్చారు. చాలామంది పాత గ్యాస్ తీసి కొత్తది నింపేసి ఊరుకున్నారు. 134ఎకి ఎండలో ప్రెషర్ ఇంకా ఎక్కువ, కండెన్సర్ ఇంకా పెద్దది కావాలి. పైగా దాని అణువు చిన్నది, పాత రబ్బరులోంచి ఇంకా తేలిగ్గా జారిపోతుంది. రెండు నెలలకే మళ్లీ షెడ్డుకొస్తారు.

ఆ కారు మీద పని చేసేవాళ్లు ఎక్కువమంది చూడని చోటు ఒకటుంది. ఆ 911లో హీటర్‌కి వేడినీళ్లు లేవు, సైలెన్సర్ గొట్టాల చుట్టూ తిరిగిన గాలే క్యాబిన్‌లోకొస్తుంది. అక్కర్లేనప్పుడు దాన్ని ఆపడానికి కింద రేకు తలుపులుంటాయి. తుప్పుపట్టి అవి పూర్తిగా మూసుకోకపోతే ఏడాది పొడుగునా వేడిగాలి లోపలికి పాకుతూనే ఉంటుంది. ముందు ఏసీ నడుస్తోంది, కాళ్ల దగ్గర హీటరూ నడుస్తోంది. ఆ తలుపులు సరిచేసి, లోపల నైలాన్ పొర ఉన్న కొత్త హోసులు వేసి, సొంత ఫ్యానున్న కండెన్సర్ ఒకటి అదనంగా బిగిస్తే ఆగస్టులో కూడా ఆ కారు నడుపుకోవచ్చు. కొత్త కార్లంత చల్లగా ఉంటుందని మాత్రం నేను ఎవరికీ మాటివ్వను.

911లోనే తర్వాత వచ్చిన 996 అనే తరం నుంచి ఇంజన్‌ని నీళ్లు చల్లబరుస్తాయి. కండెన్సర్లు రెండూ ముందు బంపర్ మూలల్లో, రేడియేటర్ల ముందు ఉంటాయి. వాటికి అడ్డంగా జాలీ ఉండదు. యూరప్‌లో ఆకులు చేరితే ఇక్కడ ఇసుక, ప్లాస్టిక్ సంచులు, ఖర్జూరపు పీచు చేరతాయి. తడి తగిలి ఆ చెత్త అల్యూమినియాన్ని తినేస్తుంది. బయటినుంచి నీళ్లు కొడితే పై మురికే పోతుంది. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య పేరుకున్నది పోవాలంటే బంపర్ ఊడదీయాల్సిందే. సగం రోజు పని, ఓనర్‌కి ఖర్చు. అయినా నేను పట్టుబడతాను.

జగిత్యాల నుంచి వచ్చిన కుర్రాడొకడు మా పక్క షెడ్డులో పని చేస్తాడు. ఒకరోజు అమెరికన్ స్పోర్ట్స్ కారు ముందు నిలబడి గేజీలు పట్టుకుని అడిగాడు: "గ్యాస్ ఫుల్లు ఉన్నది గదా అన్నా, ఫ్యాన్లు గూడ తిరుగుతున్నయ్. మరి చల్లగ ఎందుకు వస్తలేదు?" ఆ కారు అమెరికాలో యాక్సిడెంటై, వేలంలో అమ్ముడై, ఓడ మీద ఇక్కడికొచ్చి రిపేరైంది. పెయింటు అద్దంలా ఉంది. కానీ కండెన్సర్ అంచుల చుట్టూ ఉండాల్సిన ఫోమ్ పట్టీలు, పక్కల ప్లాస్టిక్ పలకలు తిరిగి పెట్టలేదు. కారు నిలబడి ఉన్నప్పుడు ఫ్యాను వెనక్కి తోసిన వేడిగాలి ఆ సందుల్లోంచి చుట్టూ తిరిగి మళ్లీ ముందుకే వస్తోంది. బావిలో నీళ్లు తోడి బావి గట్టు మీదే పోస్తున్నట్టు. ఆ పట్టీలు పెట్టించాం, అంతే. ఒక్క గ్రాము గ్యాస్ వేయలేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఏ కారొచ్చినా ముందు టార్చిలైటు పట్టుకుని ఆ సందులే వెతుకుతాడు.

వాడికి ఇంకో రెండు పరీక్షలు కూడా నేర్పాను. ఒకటి, కారు నిలబెట్టి ఏసీ నడుస్తుండగా కండెన్సర్ మీద నీళ్లు పోయడం. ప్రెషర్ దిగి లోపల చల్లగాలి మొదలైతే తేడా గ్యాస్‌లో లేదు, వేడి బయటికి పోయే దారిలో ఉంది. రెండోది, హీటర్‌కి పోయే నీళ్ల హోసుని బిగపట్టి, చల్లగాలి సందులో పెట్టిన థర్మామీటర్ చూడటం. అంకె గబగబా పడిపోతే హీటర్ వాల్వ్ మూసుకోవడం లేదన్నమాట. ఈ రెండూ అయ్యాకే గ్యాస్ సంగతి. అప్పుడు కూడా గేజీ చూసి పైపైన కొంచెం కలపడం కాదు. ఉన్నది మొత్తం మెషిన్‌లోకి లాగి, వ్యాక్యూమ్ పెట్టి తేమ తీసి, బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములు రాసి ఉంటే అన్నే తూచి వేయాలి. ఎక్కువైతే ద్రవం కండెన్సర్ అడుగున నిండిపోయి, వేడి వదలాల్సిన జాగా తగ్గిపోతుంది. ఎండాకాలంలో "ఓ యాభై గ్రాములు ఎక్కువెయ్యి భాయ్" అనే ఓనర్లకి నేను ఓపిగ్గా చెప్పేది ఇదే.

ఉక్కపోత లెక్క వేరు. మనవాళ్లకి రామగుండం ఎండా, విశాఖ ఉక్కపోతా తెలుసు కాబట్టి చెప్పడం తేలిక. థర్మామీటర్‌లో రామగుండమే ఎక్కువ, ఏసీకి మాత్రం విశాఖే ఎక్కువ కష్టం. కూలింగ్ కాయిల్ మీద గాలిలోని ఆవిరి ఒక లీటరు నీరుగా మారాలంటేనే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి తీయాలి. నాలుగు కిలోవాట్ల ఏసీ అనుకుంటే పది నిమిషాల కష్టం అందుకే సరి, గాలి ఒక్క డిగ్రీ కూడా చల్లబడదు. ఈ గల్ఫ్ తీరంలోనే, సౌదీ దహ్రాన్‌లో, 2003 జూలై 8న మంచు బిందు ఉష్ణోగ్రత, అంటే గాలిలో తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, 35 డిగ్రీలు నమోదైంది. అలాంటి చోట బయటి గాలి లోపలికి రానిచ్చే మీట తెరిచి పెట్టుకుని ఏసీ చాలడం లేదనకూడదు. మొదట అద్దాలు దించి ఓ నిమిషం నడిపి లోపలి వేడిని పోనిచ్చి, తర్వాత లోపలి గాలినే తిప్పుకోవాలి.

బరువు తగ్గించడానికి ఏసీ తీసేసే పద్ధతి ఒకటుంది. 2016లో వచ్చిన 911 ఆర్‌లో తీసేశారు, అడిగినవాళ్లకి ఉచితంగా పెట్టిచ్చారు. 1987 నాటి ఫెరారీ ఎఫ్40లో మాత్రం రేడియో లేదు, కార్పెట్ లేదు, ఏసీ ఉంది. నాకు ఫెరారీవాళ్ల ఆలోచనే సరైనదనిపిస్తుంది. వేడికి మనిషి చేతులు మందగిస్తాయి, చూపు తప్పుతుంది. 2023లో ఖతార్ ఫార్ములా వన్ రేసులో లోగన్ సార్జెంట్ వేడికి తట్టుకోలేక మధ్యలోనే కారు ఆపేశాడు. 2025 నుంచి వేడి మరీ ఎక్కువున్న రేసుల్లో డ్రైవర్‌ని చల్లబరిచే ఏర్పాటు కార్లో ఉండాలని నిబంధన పెట్టారు. అంత గట్టి ఆటగాళ్లకే కావలసి వచ్చినప్పుడు ఆఫీసునుంచి ఇంటికి పోయే మనిషికి అక్కర్లేదని ఎలా అంటాం?

కరెంటు స్పోర్ట్స్ కార్లు వచ్చాక ఒక పాత బాధ తీరింది. పోర్షా టైకాన్ లాంటి వాటిలో కంప్రెసర్‌కి సొంత మోటారుంది. సిగ్నల్ దగ్గర కారు ఆగినా అది పూర్తి వేగంతో తిరగగలదు. కానీ అదే గ్యాస్ బ్యాటరీని కూడా చల్లబరచాలి, ఆ రెండు రకాల వేడీ ముందు ముక్కులోంచే పోవాలి. బంపర్ ఊడదీసి కడిగే పని అక్కడా తప్పదు.

ఈ ఎండల్లో పాత స్పోర్ట్స్ కారు కొనాలనుకునేవాళ్లు పొద్దున్నే చల్లపూట చూడటానికి వెళ్లకండి. మధ్యాహ్నం రెండింటికి, రెండు గంటలు ఎండలో నిలబెట్టిన కారు అడగండి. ఇరవై నిమిషాలు నడిపాక ఆపి, ఇంజన్ ఆర్పకుండా ఏసీ పూర్తిగా పెట్టి, నడిమి సందులో థర్మామీటర్ గుచ్చి పావుగంట చూడండి. నడుస్తున్నప్పుడు పది డిగ్రీలుండి, నిలబెట్టాక పాతిక దాటిందంటే ముందు కండెన్సర్లు, ఫ్యాన్లు, ఫోమ్ పట్టీలు చూపించండి. ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. "గ్యాస్ పట్టిస్తే సరిపోతుంది సార్" అని అమ్మేవాడు అంటే, అమ్మకం ముందే ఆ గ్యాస్ పట్టించి, అదే మధ్యాహ్నం అదే పరీక్ష మళ్లీ చూపించమనండి.